రోగికి అందమెందుకు?

మన అభ్యుదయ సాహిత్య మిత్రులు కొన్ని ప్రశ్నలను జవాబు కోసం అడగరు. అడిగి, ఎదుటివారిని తలవంచుకునేట్టు చేయడానికి అడుగుతారు. "రోగికి అందమెందుకు?" అన్నది అలాంటి ప్రశ్న. అడిగేవారిలో దుర్మార్గులు లేరు. ఎక్కువమంది నిజాయితీపరులు, శ్రామికుల పక్షాన నిలిచినవారు, నాకు పాఠాలు చెప్పినవారు. అందుకనే దీనికి జవాబు చెప్పడం అవసరమని నేననుకుంటున్నాను. శత్రువు అడిగితే నవ్వి వూరుకోవచ్చు; మిత్రుడు అడిగినప్పుడు వూరుకోవడం తప్పు.

నాకు లూపస్ వ్యాధి వుంది. తొమ్మిదేళ్ళుగా వుంది. నిరుడు నేను కడుపుకు శస్త్రచికిత్స చేయించుకున్నాను. డాక్టర్లు దాన్ని అబ్డామినోప్లాస్టీ అంటారు. లోకం "అందం కోసం ఆపరేషన్" అంటుంది. మొదటి సంగతి విని జాలిపడిన మిత్రులే రెండవ సంగతి విని ముఖం తిప్పుకున్నారు. "ఏమ్మా, నీకూ ఈ పిచ్చి పట్టిందా?" అన్నారు ఒక పెద్దాయన. ఆయన మాటలో కోపం కన్నా బాధ ఎక్కువగా వుంది.

ఇది నా సొంత గొడవే అయితే ఈ పుటలను దానికి వినియోగించను. కాని ఆ మాటల వెనుక ఒక దృక్పథం వున్నది. రోగి శరీరాన్ని గురించి, స్త్రీ శరీరాన్ని గురించి, అవసరాన్ని గురించి, ఆడంబరాన్ని గురించి మన శిబిరంలో పాతుకుపోయిన దృక్పథం అది. దాన్ని విప్పి చూడవలసి వుంది. మిత్రుల వాదనలు ముఖ్యంగా మూడు. ఒకటి: ఈ కోరిక మార్కెట్టు పుట్టించింది, నీది కాదు. రెండు: వ్యాధి వున్న మనిషి అక్కరలేని ప్రమాదాన్ని కొని తెచ్చుకోకూడదు. మూడు: అత్యవసర వైద్యమే దొరకని పేదలున్న దేశంలో ఇది సిగ్గుచేటు. ఒక్కొక్కటే పరిశీలిద్దాం.

1

మనం భౌతికవాదులం గనుక ముందు భౌతిక విషయాన్ని చూడాలి.

లూపస్ స్వయం ప్రతిరక్షక వ్యాధి. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ తన శరీరాన్నే పరాయిదిగా భావించి దాడి చేస్తుంది. కీళ్ళు, చర్మం, మూత్రపిండాలు, రక్తం, దేన్నయినా పట్టవచ్చు. పిల్లలు కనే వయస్సులో ఈ వ్యాధి వచ్చినవారిని లెక్కిస్తే పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే. ఈ వ్యాధికి పూర్తి నివారణ లేదు, అదుపు వుంది. ఆ అదుపులో పెద్ద భాగం స్టెరాయిడ్లది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒక స్త్రీకి కార్టిజోన్ ఇచ్చింది. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆ కృషికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మందు వెల ఏమిటో కూడా ఆ కొద్ది సంవత్సరాలలోనే వైద్యలోకానికి తెలిసింది. ముఖం గుండ్రంగా వుబ్బుతుంది. కొవ్వు చేతులనూ కాళ్ళనూ విడిచి కడుపు చుట్టూ చేరుతుంది. చర్మం పలచబడుతుంది, దానిమీద ఊదారంగు చారలు పడతాయి. ఎముక గుల్లబారుతుంది.

నేను ఆ మందును పెద్ద మోతాదులో రెండేళ్ళు మింగాను. అది నన్ను బతికించింది. ఆ మధ్యలోనే, వ్యాధి కాస్త అణగిన కాలంలో, డాక్టర్ల అనుమతితో బిడ్డను కన్నాను. కడుపు ముందు భాగంలో నిలువుగా రెండు కండరాలుంటాయి. గర్భం పెరిగేకొద్దీ వాటి నడిమి పొర సాగి, కండరాలు ఎడమవుతాయి. చాలామందిలో ప్రసవానంతరం తిరిగి దగ్గరికి వస్తాయి. స్టెరాయిడ్లతో పలచబడిన నా శరీరంలో రాలేదు. మోతాదు తగ్గాక కొవ్వు కరిగింది. చర్మం మాత్రం సంచిలా వేలాడింది. దాని మడత కింద చెమటకు వొరిసి పుండు పడేది. నల్లబల్ల ముందు గంట నిలబడితే నడుము పడిపోయేది. బస్సులో కొత్తవారు లేచి సీటిచ్చేవారు, ఎన్నో నెల అని అడిగేవారు. అప్పటికి నా కూతురికి నాలుగేళ్ళు.

ఇందులో ఏది రోగం, ఏది అందం? ఎక్కడ గీత గీయాలి? పుండు రోగమేనని ఒప్పుకుంటారు. నడుము నొప్పి రోగమే అనుకుందాం. బస్సులో ఆ ప్రశ్న? అది మాత్రం "అహంకారం" కింద జమ అవుతుంది. ఈ గీతను గీసింది వైద్యశాస్త్రం కాదని కొంచెం ఆగి చూపిస్తాను.

2

ఇక మొదటి వాదన. సన్నని నడుము, చదునైన కడుపు కావాలన్న కోరిక సినిమాలూ ప్రకటనలూ నేర్పినదంటారు. నిజమే. సాహిత్యం చదువుకున్నదాన్ని గనుక ఇంకొంచెం చేరుస్తాను. మన ప్రబంధ కవులు నాయికకు నడుము వున్నదా లేదా అని సందేహపడ్డారు. అదే కవులు ఆమె కడుపు మీది మూడు ముడుతలను, త్రివళులను, సౌందర్య చిహ్నంగా పొగిడారు. వళులు లేని వర్ణన వారికి వర్ణనే కాదు. ఆనాడు రాజాస్థానం మెచ్చిన మడతలను ఈనాడు మార్కెట్టు కత్తిరించమంటున్నది. సౌందర్యానికి చరిత్ర వున్నది, వర్గం వున్నది అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అయితే దీని నుండి తేలేదేమిటి? కోరిక సమాజంలో పుట్టింది గనుక అది అబద్ధమనా? అలాగయితే ఏ కోరిక ఆకాశం నుండి వూడిపడింది? చదువుకోవాలన్న కోరిక, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని సభకు రావాలన్న కోరిక, పన్ను వూడితే కట్టించుకోవాలన్న కోరిక కూడా సమాజం పుట్టించినవే. నెరిసిన జుట్టుకు రంగు వేసుకొని వేదికనెక్కే వక్తలు మనలో లేరా? వారి విప్లవ చిత్తశుద్ధిని ఎవరూ శంకించలేదు. శంకించవలసిన పని కూడా లేదు. మనిషి పదిమందిలో ఒకడుగా కనబడాలనుకుంటాడు. ఆ కోరికను అమ్ముకునేవాణ్ణి విమర్శించాలి. ఆ కోరిక కలిగిన మనిషిని అపహసించడం విమర్శ కాదు, పెత్తనం.

ఈ పెత్తనం మనకు కొత్త కాదు. స్త్రీ శరీరాన్ని చర్చలోకి తెచ్చినందుకు చలాన్ని లోకం వెలివేసింది. అది ఛాందసుల పని అనుకొని మనం తృప్తి పడ్డాం. 1993లో "నీలిమేఘాలు" సంకలనం వచ్చినప్పుడు, ఈ కవిత్వం శరీరం చుట్టూనే తిరుగుతోందని నొసలు చిట్లించినవారిలో ఛాందసులే కాదు, మనవారూ వున్నారు. కొండేపూడి నిర్మల "లేబర్ రూం" రాసింది. ఓల్గా "రాజకీయ కథలు" రాసింది. కన్నూ ముక్కూ జడా కూడా రాజకీయ విషయాలేనని ఆ రచనలు నిరూపించిన ముప్ఫై ఏళ్ళకు, కడుపు దగ్గరికి వచ్చేసరికి మనం మళ్ళీ మొదటికి వచ్చాం. స్త్రీ కడుపు బిడ్డను మోసినంతకాలం అది కవితావస్తువు. బిడ్డ బయటికి వచ్చిన తర్వాత అదే కడుపు ఆమె సొంత వ్యవహారం. దాన్ని బాగు చేయించుకుంటానంటే బూర్జువా వ్యామోహం!

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. శస్త్రచికిత్స విముక్తి అని నేననడం లేదు. కత్తి స్త్రీకి స్వాతంత్ర్యం తెస్తుందని చెప్పేవారు ప్రకటనకర్తలు. వారితో నాకు పొత్తు లేదు. నేనంటున్నది ఒక్కటే: తప్పుడు చైతన్యమనే మాటను మనం ఎదుటివారి శరీరం మీద చాలా తేలికగా వాడుతున్నాం, మన శరీరం మీద ఎన్నడూ వాడడం లేదు.

3

రెండవ వాదనకు, ప్రమాదం అనే వాదనకు, నేను ఎక్కువ విలువనిస్తాను. అందులో నిజం వుంది గనుక.

అబ్డామినోప్లాస్టీ చిన్న పని కాదు. ఒక తుంటి ఎముక నుండి రెండవ తుంటి ఎముక దాకా పొత్తికడుపు మీద కోస్తారు. చర్మాన్నీ కొవ్వునూ పైకి లేపి, ఎడమైన కండరాలను నిలువునా కుట్టి దగ్గరికి తెస్తారు. మిగులు చర్మాన్ని కోసివేసి, బొడ్డుకు కొత్త చోటు చూపిస్తారు. స్రావం బయటికి పోవడానికి గొట్టాలు పెడతారు. కొన్ని రోజులపాటు రోగి నడుము వంచి నడవాలి. కొన్ని వారాలపాటు బరువులెత్తరాదు. మామూలు ఆరోగ్యవంతులకే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టి వూపిరితిత్తులకు చేరే ప్రమాదం, అందం కోసం చేసే ఇతర శస్త్రచికిత్సల కంటె ఇందులో ఎక్కువ.

లూపస్ రోగికి ఇవన్నీ రెట్టింపు జాగ్రత్త కోరే విషయాలు. స్టెరాయిడ్ గాయాన్ని త్వరగా మాననివ్వదు. అలాగని శస్త్రచికిత్సకు ముందు దాన్ని హఠాత్తుగా మానితే ప్రాణాపాయం. ఏళ్ళ తరబడి మందు మింగిన శరీరం తన స్టెరాయిడ్‌ను తాను తయారు చేసుకోవడం మరచిపోయి వుంటుంది. లూపస్ రోగుల్లో కొందరికి రక్తాన్ని గడ్డకట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకాలుంటాయి. వున్నాయో లేవో ముందుగా పరీక్షించకుండా కత్తి పట్టకూడదు. ఏ మందు కొనసాగించాలి, ఏది ఆపాలి అన్నదానికి అమెరికాలో కీళ్ళవాత వైద్యులూ, తుంటి మోకాలి శస్త్రవైద్యులూ కలిసి 2017లో సూత్రాలు రాశారు, 2022లో సవరించారు. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపనక్కరలేదు. రోజూ వేసుకునే స్టెరాయిడ్ మోతాదు కొనసాగాలి. బయోలాజిక్ మందులలో చాలావాటిని ఒక విడత ఆపి, గాయం మానిన తర్వాత తిరిగి మొదలుపెట్టాలి. అవి కీళ్ళ మార్పిడి కోసం రాసిన సూత్రాలు. మిగతా శస్త్రచికిత్సలకు వైద్యులు వాటిని ఆధారం చేసుకొని, రోగిని చూసి, తమ వివేకంతో నిర్ణయించాలి. అంటే ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

మన మార్కెట్టులో జరగనిది సరిగ్గా ఇదే. నేను మొదట వెళ్ళింది పెద్ద నగరంలోని ఒక ప్రైవేటు క్లినిక్కుకు. పేరు అక్కరలేదు; ఆ ఒక్కటే అలాంటిది కాదు. అక్కడ నన్ను ముందు చూసింది డాక్టరు కాదు, కౌన్సిలరు. పది నిమిషాల్లో ఫోటోలు చూపించింది, ప్యాకేజీ ధర చెప్పింది, పండుగ తగ్గింపు చెప్పింది, నెలవారీ వాయిదాలు చెప్పింది. నేనేమి మందులు వాడుతున్నానో అడగలేదు. లూపస్ అని నేనే చెబితే, "పరవాలేదు మేడమ్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చుకోండి" అన్నది. రోగులను ఆకర్షించడానికి డాక్టర్లు గాని సంస్థలు గాని ప్రకటనలకు దిగరాదని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతున్నది. ఆ నియమావళి సంగతి ఆ గోడల మీది నిలువెత్తు ఫోటోలకు తెలియదు.

రెండవ చోట శస్త్రవైద్యురాలు నాకు తేదీ ఇవ్వలేదు. నా కీళ్ళవాత వైద్యుని ఫోన్ నంబరు అడిగింది. వ్యాధి ఆరు నెలలు పూర్తిగా అణగి వుండాలన్నది. స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాములకు దిగిన తర్వాత రమ్మన్నది. ప్రతిరక్షకాల పరీక్ష చేయించింది. కొవ్వు తీయడం కూడా ఇదే పూట కలిపి చేయనని, అలా కలిపితే ప్రమాదం పెరుగుతుందని చెప్పింది. "మీకు గాయం మానడం ఆలస్యమవుతుంది, దానికి సిద్ధపడే రండి" అన్నది. అలాగే జరిగింది. కోత మధ్యభాగం విచ్చుకొని, పూడడానికి ఏడు వారాలు పట్టింది. ఈ సంగతి దాచను. దాచితే నేనూ గోడమీది ఫోటోల పక్షం వహించినట్టే.

కాబట్టి ప్రమాదం అన్నది శరీరంలో మాత్రమే లేదు, సమాజంలో వుంది. అదే శరీరం, అదే వ్యాధి. ఒకచోట పది నిమిషాల బేరం, మరొకచోట ఆరు నెలల నిరీక్షణ. ప్రమాదాన్ని తగ్గించేది కాలం. ఆ కాలం ఎవరికుంది? నేను పర్మనెంటు ఉద్యోగిని గనుక జీతంతో మెడికల్ లీవు పెట్టగలిగాను. నా పక్క గదిలో నా పాఠాలే చెప్పే గెస్టు లెక్చరరుకు గంటల లెక్కన డబ్బు. ఆమె పడుకున్న రోజున జీతం లేదు. ఆమెకూ కీళ్ళవాతం వుంది. ఏడు వారాల గాయం ఆమెకు వస్తే అది వైద్య సమస్య కాదు, ఆకలి సమస్య. రోగి రిస్కు తీసుకోకూడదని వుపదేశించే మిత్రులు, ఆ రిస్కును పంచిపెట్టే ఈ వ్యవస్థను గురించి రెండు మాటలు ఎక్కువగా మాట్లాడితే బాగుండేది.

4

ఇక మూడవది. పేదలకు అత్యవసర శస్త్రచికిత్సలే అందని దేశంలో ఇది సిగ్గుచేటన్న వాదన. మూడింటిలోనూ బలమైనది ఇదే. దీన్ని నేను తోసిపుచ్చను. కాని ఇందులో "అత్యవసరం" అన్న మాట ఎవరు నిర్ణయించారో అడుగుతాను.

2019లో బీమా నియంత్రణ సంస్థ ఆరోగ్య బీమాకు మినహాయింపుల పదజాలాన్ని ఖరారు చేసింది. రూపాన్ని మార్చే చికిత్సకు డబ్బు ఇవ్వనక్కరలేదు. ప్రమాదం, కాలిన గాయం, కేన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి, ఆరోగ్యానికి ప్రత్యక్షమైన తక్షణ ముప్పును తొలగించే చికిత్సకు మాత్రం ఇవ్వాలి. 2017 నాటి జీఎస్టీ ప్రకటన కూడా వైద్యసేవలకిచ్చిన పన్ను మినహాయింపు నుండి అందం శస్త్రచికిత్సలను తొలగించి, పుట్టుకతో వచ్చిన లోపాలకూ, ఎదుగుదలలోని వైకల్యాలకూ, గాయాలకూ మాత్రం సడలింపు ఇచ్చింది. ఈ జాబితాలను జాగ్రత్తగా చదవండి. ప్రమాదం వుంది, నిప్పు వుంది, కేన్సర్ వుంది. ప్రసవం లేదు. డాక్టరు రాసిచ్చిన మందు చేసిన వికృతి లేదు. నడిమి పొర చిరిగి పేగు బయటికి తోసుకువస్తే అది హెర్నియా, బీమా వర్తిస్తుంది. అదే పొర చిరగకుండా సాగి, కండరాలు ఎడమయితే అది అందం, వర్తించదు. శరీరంలో ఒకే చోటు. పద్దుల పుస్తకంలో రెండు ప్రపంచాలు. ఈ గీతను లాభనష్టాల లెక్కతో గీశారు. దాన్నే మన మిత్రులు నైతిక సూత్రంగా స్వీకరించి నాకు వల్లిస్తున్నారు. బీమా కంపెనీ గుమాస్తాకూ అభ్యుదయ విమర్శకునికీ ఒకే సిద్ధాంతం వుండడం నాకు విచిత్రంగా తోస్తున్నది.

చరిత్ర కూడా ఈ గీతను సమర్థించదు. 1794లో లండన్ జెంటిల్మన్స్ మాగజీన్‌లో ఒక వార్త వచ్చింది. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలే కొవాస్జీ అనే మరాఠా మనిషి టిప్పు సైన్యానికి చిక్కాడు. అతని ముక్కూ చెయ్యీ కోశారు. పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక పనివాడు అతని నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టాడు. ఆ వార్తతో ఐరోపా వైద్యులు మన దేశపు పద్ధతిని నేర్చుకున్నారు. ముక్కు కొన లేకపోయినా మనిషి ఊపిరి తీస్తాడు, అన్నం తింటాడు. ఆ బండివానికి కావలసింది ఊపిరి కాదు, నలుగురిలో తిరిగే ముఖం. దాన్ని ఎవరూ వ్యామోహమనలేదు. మనం గర్వంగా చెప్పుకుంటాం కూడా. 1899లో బాల్టిమోరులో హోవార్డ్ కెల్లీ అనే స్త్రీవ్యాధుల వైద్యుడు వేలాడే కడుపు చర్మాన్ని కోసి తీసినప్పుడు కూడా, అతని ముందున్నది ఆ బరువు మోయలేని ఒక రోగి.

బ్రెజిల్ సంగతి మనకు మరింత ముఖ్యం. ఈవో పిటాంగీ 1961లో నీతెరోయి నగరంలో సర్కసు డేరా తగలబడినప్పుడు కాలిపోయినవారికి చికిత్స చేశాడు. ధనికులకు ప్రైవేటు క్లినిక్కు నడుపుతూనే, రియోలోని ధర్మాసుపత్రిలో పేదలకు కూడా అందం శస్త్రచికిత్సలు చేసే విభాగాన్ని నెలకొల్పాడు. కడుపు శస్త్రచికిత్స ఈనాటి రూపం తీసుకోవడంలో 1967 నాటి అతని వ్యాసానికి పెద్ద పాత్ర వుంది. పేదవారికి కూడా అందం హక్కేనన్నాడు. ఇది గొప్ప మాట. కాని ఆ ఆచరణలోని కిటుకును కూడా మనం చూడాలి. ధర్మాసుపత్రిలో పేద స్త్రీ నెలల తరబడి వరుసలో నిలబడి, నేర్చుకుంటున్న యువ డాక్టరు చేతికి తన శరీరాన్ని ఇస్తుంది. నేర్చుకున్న చెయ్యి ఆ తర్వాత ధనికుల క్లినిక్కుకు వెళుతుంది. హక్కు అని పేరు పెట్టినంత మాత్రాన వర్గం మాయమవదు. అయినా ఒక విషయం మిగులుతుంది: పేద స్త్రీలు ఆ వరుసలో నిలబడ్డారు. వారికి ఆ కోరిక వుండదని, వుండకూడదని నిర్ణయించింది వారు కాదు. వారి పేరున మాట్లాడే మనం.

పేదలకు ముందు అన్నం, తర్వాత మందు, ఆ తర్వాత ఎప్పుడో అందం అన్న మెట్ల వరుసను మనం సోషలిజం అనుకుంటున్నాం. అది సోషలిజం కాదు, కరువు పంపిణీ. కూలికి బోనసూ కావాలి, నాటకమూ కావాలి అని వాదించి ప్రజానాట్యమండలిని నిర్మించిన వుద్యమం మనది. ఆకలితో వున్నవానికి పాటెందుకని ఆనాడు అడిగినవారికి మనం జవాబు చెప్పాం. రోగికి అందమెందుకని అడిగేవారికి జవాబు కూడా అందులోనే వుంది.

5

నేను కోరుతున్నదేమిటి?

ప్రభుత్వ ఆసుపత్రులలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఉస్మానియాలో వుంది. నిమ్స్‌లో కీళ్ళవాత విభాగం వుంది. మందులు చేసిన వికృతికీ, ప్రసవం చేసిన వికృతికీ ఈ రెండు రకాల వైద్యులూ ఒకే బల్ల దగ్గర కూర్చొని రోగిని చూసే ఏర్పాటు ప్రభుత్వ రంగంలో వుండాలి. చేయకూడదని వారు నిర్ణయిస్తే, అది కూడా వైద్యమే. చేయకూడదని చెప్పే డాక్టరు కూడా పేదరోగికి హక్కే. ప్యాకేజీలమ్మే క్లినిక్కులు రోగి మందుల జాబితా అడగకుండా డబ్బు తీసుకోవడం నేరం కావాలి. బీమా జాబితాలోని ఆ గీతను మనం ప్రశ్నించాలి. వ్యాధి తగ్గేదాకా ఆగడానికి, గాయం మానేదాకా పడుకోవడానికి గెస్టు లెక్చరరుకు, ఆశా కార్యకర్తకు, ఇళ్ళలో పనిచేసే స్త్రీకి జీతంతో సెలవు కావాలి. ఈ చివరి కోరికతో మిత్రులెవరికీ పేచీ వుండదనుకుంటాను. మొదటివాటికి కూడా అదే ప్రాతిపదిక అని చెప్పడానికే ఇంత రాశాను.

విమర్శకులను కోరేది మరొకటి వుంది. మన సాహిత్యంలో రోగి ఇప్పటికీ రెండు వేషాలలోనే కనబడుతున్నాడు: జాలి పుట్టించడానికి దగ్గేవాడు, లేదా చచ్చిపోతూ సందేశమిచ్చేవాడు. స్త్రీ రోగి అయితే త్యాగం అదనం. ఏళ్ళ తరబడి రోగంతో కాపురం చేస్తూ, ఉద్యోగం చేస్తూ, యూనియన్ చందా కడుతూ, చీర కుచ్చిళ్ళు సరిగా నిలవాలని కోరుకునే మనిషి మన కథలలోకి ఇంకా రాలేదు. ఆమె పల్లెల్లోనూ వుంది, పట్నాల్లోనూ వుంది. మన సభల్లో వెనుక వరుసలో గోడకు ఆనుకొని కూర్చొని వుంది. ఆమెకు సిద్ధాంతం బోధించే ముందు ఒక కుర్చీ వేయండి.